దుప్పటి అంటే వెనక్కి

ఆ లాండ్రీ బల్ల మీద కూర్చున్న ముగ్గురిలో ఒక్కరి బట్టలు కూడా అక్కడ లేవు. ఆ సంగతి కోడలుపిల్లకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఫైనల్ వారంలో అక్కడికి బట్టల కోసం వచ్చేవాళ్ళు తక్కువ, కబుర్ల కోసం వచ్చేవాళ్ళు ఎక్కువ. ఊరి రగ్బీ జట్టు జెర్సీలు ఉతికేది అక్కడే. జట్టులో రెండో నంబరు ఆటగాడు ఆ ఇంటివాడే. ఎవరి కడుపులో ఏ గుబులున్నా కక్కుకోవడానికి ఊరు మొత్తం మీద అంతకంటే మంచి చోటు లేదు. పైగా ఇస్త్రీ ఆవిరికి వెచ్చగా కూడా ఉంటుంది.

కొట్టు అత్తది. ఈమె కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరో "కోడలుపిల్లా, నా చొక్కా అయిందా?" అని అడిగారు. అదే పేరైపోయింది. ఇప్పుడు చంకలో మాటలు వచ్చీ రాని కూతురు ఉన్నా ఆ పేరు మాత్రం మారలేదు.

"నా మాట గుర్తుపెట్టుకోండి. శనివారం కప్పు మనదే," అన్నాడు జోస్యం తాత. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన చెప్పింది ఇంతవరకూ ఒక్కటీ జరగలేదు కాబట్టే ఆ పేరు.

బస్సు డ్రైవరు నెత్తి కొట్టుకున్నాడు. "అయిపోయింది! తాత నోట్లోంచి మనదే అని వచ్చాక ఇంకేం మిగిలింది? తాతా, నీకు దణ్ణం పెడతాను, ఓడిపోతామని ఒక్కసారి అనవూ?"

"నీ మొహం. రేవు జట్టు ముందు వరుసలో ముగ్గురూ మూడు బీరువాలు. ఆ బీరువాల్ని జరపాలంటే మనకి గూటం కావాలి. గూటం ఉన్నాడు. ఇంకేం కావాలి నీకు?"

గూటం అంటే కోడలుపిల్ల భర్త. ఆమెకు మేనమామ కొడుకు, చిన్నప్పటి నుంచీ బావ. ఊరికి మాత్రం గూటమే. స్క్రమ్‌లో అటు ఎనిమిదిమంది, ఇటు ఎనిమిదిమంది తలలు వంచి ఎడ్లలాగా నెట్టుకుంటున్నప్పుడు ముందు వరుసలో నట్టనడుమ ఉండే హుకరు అతను. బంతి గీత దాటి బయటికి పోతే, గీత దగ్గరి నుంచి, వరుసగా నిలబడి గాల్లోకి లేచే తనవాళ్ళ చేతుల్లోకి దాన్ని విసిరేదీ అతనే.

"గూటం ఉంటాడని నీకెవరు చెప్పారు?" అంది పోస్టమ్మ. పంచాల్సిన ఉత్తరాలింకా సంచిలోనే ఉన్నాయి, సంచి ఒళ్ళో ఉంది. "జట్టు పేర్లు చెప్పేది రేపు సాయంత్రం కదా."

"ఇదిగో, మొదలైంది తల్లిప్రేమ," అన్నాడు డ్రైవరు. "గూటాన్ని కూర్చోబెట్టి మీ పిల్లకాకిని దింపాలంటావు, అంతేగా?"

పోస్టమ్మ కొడుకు ఆ చోటుకు మారు ఆటగాడు. సీజనంతా బెంచీ మీద కూర్చుని నీళ్ళ సీసాలు అందించడమే అతని పని.

"వాడికి పేరుంది. పిల్లకాకి అనకు."

"పిల్లకాకికేం తెలుసమ్మా ఉండేలుదెబ్బ! ఆ బీరువాల మధ్య పడ్డాడంటే మీవాణ్ణి మడతపెట్టి, స్టాంపు అంటించి, నీ సంచిలోనే వేస్తారు."

పోస్టమ్మకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. "నిజమేలే. వాడు దిగితే నేను కళ్ళు మూసుకుని కూర్చోవాల్సిందే. గూటమే ఆడాలి బాబూ. నాకున్నది ఒక్కడే కొడుకు."

"అసలు బంతి తన్నే పదో నంబరు సంగతి చూడండి ముందు," అన్నాడు తాత. "కాలు బాగున్నవాడికి బుర్ర లేదు. బుర్ర ఉన్నవాడికి కాలు లేదు."

"ఇద్దర్నీ కలిపి కుట్టమని కోడలుపిల్లకి ఇద్దాం," అన్నాడు డ్రైవరు. "ఏమ్మా, కుడతావా? ఏంటి, పలకవు? నీ మొగుడు సెమీ ఫైనల్లో ఆ దెబ్బ తిని కూడా లేచి ట్రై వేశాడే, వాడిది తలకాయేనా, లేక నిజంగానే కర్రతో చేసిన గూటమా?"

ముగ్గురూ నవ్వారు. కోడలుపిల్ల కూడా నవ్వబోయింది. అంతలో కాలిన వాసన వచ్చింది. ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో తెల్లచొక్కా కాలరు గోధుమరంగులోకి తిరిగింది.

"ఏమైందే?" అంది అత్త లోపలి నుంచి.

"ఏం లేదత్తా."

ఏం లేదు, ఏం లేదు అని ఆదివారం నుంచీ అంటూనే ఉంది. అత్తతో అంటోంది, తనతో తను అంటోంది.

ఆదివారం నాటి ఆ దెబ్బ ఆమె కళ్ళారా చూసింది. పరిగెత్తుకొస్తున్నవాడి మోకాలు బావ కణతకు తగిలింది. బావ కిందపడి, ఒక చెయ్యి గాల్లోకి లేపి, ఆ చేతిని అలాగే ఉంచేశాడు, ఎవరో ఆ చెయ్యి లేపి మర్చిపోయినట్టు. జట్టు ఫిజియో అప్పుడు మైదానానికి ఆ చివర ఇంకొకడి భుజం చూస్తున్నాడు. అతను తలతిప్పేసరికి బావ లేచి నిలబడి, బొటనవేలు చూపించి నవ్వుతున్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత కాసేపటికే బంతిని ఎదుటివాళ్ళ గీత అవతల నేలకు ఆనించి ట్రై వేశాడు. ఇక అడిగేదెవరు?

ఇంటికొచ్చాక బాత్రూంలో కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడు చాటున వాంతి చేసుకున్నాడు. "బయట తిన్నది పడలేదు," అన్నాడు. బయట ఏమీ తినలేదని ఆమెకు తెలుసు. మర్నాటి నుంచీ గదిలో లైటు వేస్తే కసురుకోవడం మొదలైంది. పాలు తెచ్చావా అని అడిగేవాడు. తెచ్చానంటే సరేననేవాడు. చేతిలో ఆ పాలగ్లాసే పట్టుకుని మళ్ళీ అడిగేవాడు, పాలు తెచ్చావా అని.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం బావా," అంది.

"డాక్టరు దగ్గరికి వెళ్తే శనివారం ఆడనివ్వడు. తలకి దెబ్బంటే చాలు, వారాలకి వారాలు కూర్చోబెడతారు. అది రూలు." ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా వయసు పెరుగుతోందే గాని తరగట్లేదు పిల్లా. ఈ ఫైనల్ మళ్ళీ వస్తుందా నాకు? ఎవరికీ చెప్పకు. అమ్మకి కూడా. నా మీద ఒట్టు."

ఆమె ఒట్టు వేసింది. వేశాక అది గొంతులో ముల్లులా అక్కడే నిలిచిపోయింది. మింగితే దిగదు, కక్కితే రాదు. తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయినదాన్ని, తలకాయ లోపలి సంగతులు నాకేం తెలుస్తాయి అనుకునేది. ఆ వెంటనే, తెలియకపోతే ఈ భయమెందుకు అనుకునేది. చంటిది నిద్రలో దగ్గితే లేచి కూర్చునే రకం ఆమె. పొయ్యి ఆర్పానా లేదా అని వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకం. అందుకే తన భయాన్ని తనే నమ్మేది కాదు. నీకు ప్రతిదానికీ భయమే అని బావ నవ్వుతాడు కదా, ఇదీ అలాంటిదేనేమో.

కానీ బుధవారం జరిగినదానికి మాత్రం ఆమెకు సర్దిచెప్పుకోవడం చేతకాలేదు.

కొట్టు వెనక గదిలో తడిబట్టలు ఆరేసే తాళ్ళుంటాయి. ప్రతి మ్యాచ్‌కు ముందు బావ అక్కడ విసరడం సాధన చేస్తాడు. బంతి బదులు తువ్వాలు. తడిపి, పిండి, గట్టిగా చుడితే బంతి బరువే ఉంటుంది. ఎవరికి విసురుతున్నాడో తనవాళ్ళకు తెలియాలి, ఎదుటివాళ్ళకు తెలియకూడదు. అందుకని ప్రతి జట్టుకూ ఏవో రహస్యపు మాటలుంటాయి. బావ లాండ్రీలో పుట్టి పెరిగినవాడు, అతనికి తోచిన మాటలు అవే. జేబురుమాలు అంటే వరుసలో మొదట ఉన్నవాడికి. చొక్కా అంటే నడుమ ఉన్నవాడికి. దుప్పటి అంటే అందరికంటే వెనకున్నవాడికి. అతను కేకవేసి విసిరితే, ఆమె చంటిదాన్ని చంకనేసుకుని ఆ మాటను బట్టి ముందుకో వెనక్కో ఉరికి తువ్వాలు అందుకోవాలి. పెళ్ళైనప్పటి నుంచీ అదే ఆట. జట్టులో ఎవరికైనా తడబాటు ఉంటుందేమో గానీ ఆమెకు లేదు.

బుధవారం బావ "దుప్పటి!" అని అరిచాడు. ఆమె వెనక్కి ఉరికింది. తువ్వాలు వచ్చి ఆమెకు చాలా ముందే నేల మీద పడింది.

"ఎక్కడ నిలబడ్డావు?" అన్నాడు చిరాకుగా.

"వెనక. దుప్పటి అన్నావుగా."

"జేబురుమాలు అన్నాను."

"కాదు బావా, దుప్పటి..."

"అన్నది నేనా నువ్వా? నీ ధ్యాస ఎక్కడుంది అసలు?"

తన ధ్యాసే పోయిందేమో అనుకుని తువ్వాలు తియ్యడానికి వంగింది. అప్పుడు చంకలోని చంటిది చేతులు ఊపుతూ "దుప్ప, దుప్ప" అంది. విన్నమాటే అంటుంది గానీ ఆ వయసులో కల్పించి ఏం చెబుతుంది? ఆమె బావ మొహంలోకి చూసింది. బావ చంటిదాన్ని చూసి ముద్దుగా నవ్వుతున్నాడు. తను తప్పు చెప్పానన్న ఊహే అతనికి లేదు. తెలిసి దాచితే అదొక దారి. తెలియకుండానే తప్పిపోతున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం చివరి సాధన చూడటానికి ముగ్గురూ మైదానానికి వెళ్ళారు. వస్తూ వస్తూ వీధి మొదట్లోనే అరుచుకుంటూ వచ్చారు. డ్రైవరు గుమ్మంలోంచే చేతులు చాపి, "కోడలుపిల్లా, నీ మొగుడు మామూలోడు కాదు!" అన్నాడు.

ఆమె చేతిలోని చొక్కా కింద పెట్టింది. "ఏం చేశాడన్నా?"

"ఏం చేశాడా? రేవు జట్టు వాళ్ళు మన సెమీ ఫైనల్ వీడియో చూసుకుని మాటలన్నీ కనిపెట్టి ఉంటారు. గీత దగ్గర నిలబడి చూసే మాకే తెలుసే, దుప్పటి అంటే వెనక్కని! అందుకని మనవాడు మొత్తం మార్చేశాడు. దుప్పటి అని అరిచి ముందుకి విసిరాడు! చొక్కా అని వెనక్కి విసిరాడు! మనవాళ్ళే తెల్లబోయారు. ఒక్కడికీ అందలేదు."

"ముందు చెబితే బయటికి పొక్కుతుందని సొంతవాళ్ళకి కూడా చెప్పలేదు," అన్నాడు తాత కళ్ళు మెరుస్తుంటే. "ఎత్తంటే అదీ! కోచ్ మాస్టారు ఏంట్రా ఇదని అడిగితే, 'చూస్తున్నా మాస్టారూ, ఎలా ఉంటుందో' అని నవ్వాడు. ఆ నవ్వు చూడాలి మీరు. రేపు రేవు జట్టు దుప్పటి కోసం వెనక్కి ఎగురుతుంది, మన బంతి ముందు నుంచి దూసుకుపోతుంది."

"ఒకసారి దుప్పటి ముందుకెళ్ళింది, ఇంకోసారి నడుమకెళ్ళింది కదా తాతా," అంది పోస్టమ్మ. "ఆ లెక్కేంటో మావాడికి కూడా అర్థం కాలేదట."

"అర్థమైతే అది ఎత్తెలా అవుతుంది? సరిసంఖ్య విసురుకి ఒకలా, బేసి విసురుకి ఇంకోలా. నేను కనిపెట్టేశాలే."

ముగ్గురూ ఆ లెక్క తేల్చడంలో పడ్డారు. డ్రైవరు సబ్బుముక్కతో బల్ల మీద గీతలు గీస్తున్నాడు. వాళ్ళ మొహాల్లో ఎన్నో ఏళ్ళుగా కనపడని వెలుగు. కోడలుపిల్ల మాత్రం ఆ గీతల వైపు చూడలేకపోయింది. ఇంట్లో తువ్వాలు గురి తప్పితే తన తప్పనుకోవచ్చు. మైదానంలో అందరి ముందూ తప్పితే, దాన్ని ఊరంతా ఎత్తనుకుంటోంది. రేపు ఆ బీరువాల మధ్య అదే తలతో దూరతాడు. అదే తలకు మళ్ళీ ఏదైనా తగిలితే?

"అది ఎత్తు కాదు," అంది.

ఎవరూ వినలేదు.

"అది ఎత్తు కాదన్నా." ఈసారి గొంతు పెద్దదైంది. "బావకి గుర్తుండట్లేదు. ఏం అరుస్తున్నాడో బావకే తెలియట్లేదు. ఆదివారం దెబ్బ తగిలినప్పటి నుంచీ ఇంతే. వాంతులయ్యాయి. లైటు చూడలేకపోతున్నాడు. చెప్పనని ఒట్టు వేశాను, అందుకని..."

డ్రైవరు చేతిలో సబ్బుముక్క అలాగే ఉంది.

"చూడమ్మా," అన్నాడు డ్రైవరు చివరికి. గొంతులో వేళాకోళం పోయింది. "ఆటలన్నాక దెబ్బలుంటాయి. రేపొక్కరోజు. ఎల్లుండి నేనే బస్సులో కూర్చోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్తాను. రేపు గూటం లేకపోతే మన స్క్రమ్ గాల్లో దీపమే."

"రేపు ఏమైనా అయితే?"

"అపశకునం మాటలెందుకు? నీకు ప్రతిదానికీ భయమని వాడే అంటుంటాడు."

ఆ మాటకు ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పోస్టమ్మ వైపు చూసింది. "అక్కా, నువ్వు కోచ్ మాస్టారికి చెప్పవూ? నేను చెబితే వింటాడో లేదో."

పోస్టమ్మ మొహం ఎర్రబడింది. "నేను చెబితే ఏమంటారో తెలుసా? కొడుక్కి చోటు కోసం గూటానికి పిచ్చెక్కిందని పుకారు పుట్టించిందంటారు. నా వల్ల కాదు తల్లీ. నేను వినలేదనుకో." అంది గానీ లేచి వెళ్ళలేదు. సంచి పట్టీ వేలికి చుట్టుకుంటూ అక్కడే కూర్చుంది.

వెనక తెర కదిలింది. అత్త వచ్చి నిలబడింది. ఎంతసేపటి నుంచి వింటోందో. చేతులకు సబ్బునురగ ఇంకా ఉంది.

ఇక అయిపోయింది అనుకుంది కోడలుపిల్ల. కొడుకు ఫైనల్ ఆడతాడని అత్త ఊరందరికీ చెప్పుకుంది. ఉతికిన రెండో నంబరు జెర్సీని ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా తనే ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

అత్త కొంగుకు చేతులు తుడుచుకుని రెండు చేతులూ చాపింది. "చంటిదాన్ని ఇలా ఇవ్వు."

"అత్తా, నేను..."

"బాత్రూంలో వాడు లైటు తీసేసి చీకట్లో కూర్చుంటున్నాడు. తల్లిని, నాకు కనపడదనుకున్నాడా? అడిగే ధైర్యం లేక ఊరుకున్నాను. నువ్వు నోరు తెరిచావు. ఇవ్వు దాన్ని. వెళ్ళు."

మైదానం గ్యాలరీ కింద కోచ్ గది. తలుపు తీసే ఉంది. మాస్టారు పేరుకు తగ్గట్టు ఒకప్పుడు బళ్ళో డ్రిల్లు నేర్పినవాడు. గదిలో తడిగడ్డి వాసన, నొప్పుల మందు వాసన. ఆమె చెప్పిందంతా నిలబడే విన్నాడు. విన్నాక కూర్చున్నాడు.

"నాకూ అనుమానం రాలేదనుకోకమ్మా," అన్నాడు. "వచ్చింది. ఎత్తంటున్నాడుగా అనుకున్నాను. అలా అనుకోవాలనిపించింది."

గ్యాలరీ మెట్ల మీద ఉన్న గూటాన్ని పిలిపించాడు. బావ నవ్వుతూ లోపలికి వచ్చి, ఆమెను చూసి ఆగిపోయాడు. ఆ చూపుకు ఆమె తల వంచుకోబోయి వంచుకోలేదు.

"తలెలా ఉందిరా?"

"భేషుగ్గా ఉంది మాస్టారూ. దీని మాటలు పట్టించుకోకండి. దీనికి పిల్ల తుమ్మినా భయమే."

"దుప్పటి అంటే ఎక్కడికి?"

"వెనక్కి." ఠకీమని చెప్పాడు. "జేబురుమాలు ముందుకి, చొక్కా నడుమకి. ఇందాక కావాలనే మార్చాను. చెప్పానుగా."

"ఆదివారం మన చివరి ట్రై ఎవరు వేశారు?"

"నేనే!" బావ గట్టిగా నవ్వాడు. "ఎడంవైపు మూల జెండా పక్కనే. ఊరంతా అదే కదా మాట్లాడుకుంటోంది."

మాస్టారు మొహంలో ఆశ పుట్టడం ఆమెకు కనపడింది. అన్నీ సరిగ్గానే చెబుతున్నాడు కదమ్మా అన్నట్టు ఆమె వైపు తిరిగాడు. తను వెర్రిదైపోయింది. భర్తను ఊళ్ళో అల్లరి పెట్టింది. తలుపు దగ్గరే ఉంది, వెళ్ళిపోవచ్చు. కానీ బావ చివర అన్న మాట ఆమె చెవిలో నిలబడిపోయింది.

"ఊరంతా మాట్లాడుకుంటోంది కాబట్టే చెబుతున్నాడు మాస్టారూ," అంది. "రోజూ మా బల్ల మీద ఆ ముగ్గురూ చెప్పిందే చెబుతున్నాడు. ఊరు చెప్పనిది అడగండి."

మాస్టారు బావ వైపు తిరిగాడు.

"ఆ ట్రైకి ముందు నీకు బంతి ఎవరు అందించారు?"

బావ నోరు తెరిచాడు. మూశాడు. నవ్వు పెదాల మీదే ఉంది గానీ కళ్ళల్లోంచి పోయింది. "ఎవరంటే... ఎనిమిదో నంబరు. స్క్రమ్ వెనక నుంచి తీసి... కాదు. తొమ్మిదో నంబరా?" ఆమె వైపు చూశాడు, ఇంట్లో వస్తువు ఎక్కడ పెట్టానే అని అడిగేటప్పటి చూపు. "ఎవరు పిల్లా?"

ఎనిమిదో నంబరూ కాదు, తొమ్మిదో నంబరూ కాదు. ఎదుటివాడి చేతిలోంచి జారిన బంతిని బావే నేల మీది నుంచి ఏరుకుని పరిగెత్తాడు. దాన్ని ఎవరూ అందించలేదు.

మాస్టారు మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. తర్వాత లేచి బావ భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు నువ్వు ఆడట్లేదురా. ఇప్పుడే డాక్టరు దగ్గరికి పద."

"మాస్టారూ..."

"పద."

డాక్టరు చూసి, చీకటి గదిలో పడుకోమన్నాడు. టీవీ వద్దు, ఫోను వద్దు, చదువు వద్దు, ఆట మాటే వద్దు. వాంతులు మళ్ళీ మొదలైనా, మాట తడబడినా ఏ వేళైనా సరే తీసుకురమ్మన్నాడు. ఇంకొక్క దెబ్బ తగిలి ఉంటే, అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆపేశాడు. దారి పొడుగునా బావ ఆమెతో ఒక్కమాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చి మంచమెక్కి గోడవైపు తిరిగాడు.

ఆ సాయంత్రం జట్టు పేర్లు చెప్పారు. రెండో నంబరుకు పిల్లకాకి పేరు వినగానే మైదానం దగ్గర జనం గోలచేశారట. మర్నాడు పొద్దున ఎవరో వచ్చి, సగం ఉతికిన బట్టల్ని అలాగే ఇచ్చెయ్యమని అడిగి, తడిమూట పట్టుకుపోయారు. "పెళ్ళాం మాట వినే మొగుడు హుకరెందుకయ్యాడో," అని గుమ్మంలో నిలబడి మరీ అన్నారు. అత్త ఇస్త్రీపెట్టె ఠపీమని దించి, "నా కొడుకు తలకాయ మీకు కప్పు కంటే చవకైందా? పొండి!" అంది. డ్రైవరు బల్ల దగ్గరికి రాలేదు. తాత వచ్చాడు, కూర్చోకుండా నిలబడే, "ఓడిపోతామమ్మా," అన్నాడు మెల్లిగా. తన జోస్యం ఎప్పుడూ తప్పుతుంది కదా అన్నట్టు ఆమెను చూసి, కొంచెం ఆశగా, వెళ్ళిపోయాడు. పోస్టమ్మ మాత్రం వీధిలో నిలబడి, "నేను కళ్ళు మూసుకునే ఉంటానే," అని అరిచి, చెయ్యి ఊపి మైదానం వైపు నడిచింది.

మధ్యాహ్నానికి వీధిలో మనిషి లేడు. కొట్లన్నీ మూసేశారు. అత్త చంటిదాన్ని భుజాన వేసుకుని ముందుగదిలో అటూ ఇటూ తిరుగుతోంది. పడకగదిలో కోడలుపిల్ల మంచం పక్కన కింద కూర్చుంది. పరదాలన్నీ వేసింది గానీ మైదానం వైపు కిటికీ రెక్క ఒకటి మాత్రం ఓరగా తెరిచి ఉంచింది. చూడకపోయినా కనీసం వినపడుతుందని. అంతకంటే అతనికి ఇవ్వగలిగిందేమీ లేదు తన దగ్గర.

మొదటి కేక వచ్చింది. ఊరు మొత్తం ఒక్క గొంతైనట్టు.

బావ కదిలాడు. నిన్నటి నుంచి మొదటిసారి నోరు తెరిచాడు. "ఎవరికి?"

"తెలియట్లేదు బావా."

నిజంగానే తెలియలేదు. గెలిచినవాళ్ళ కేక, ఓడినవాళ్ళ కేక ఇంత దూరం నుంచి ఒకలాగే ఉన్నాయి. పిల్లకాకి విసిరిన బంతి అందిందో, బీరువాలు దూసుకుపోయాయో. పోస్టమ్మ కళ్ళు తెరిచిందో లేదో. ఏదైనా జరిగితే ఆ పాపం కూడా తన నెత్తినే కదా.

రెండో కేక ఇంకా పెద్దది. ఆగకుండా సాగుతోంది. ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వీధిలో ఎవరైనా కనపడితే అడుగుదామని తల బయటికి పెట్టబోయింది.

"కిటికీ వేసెయ్," అన్నాడు బావ.

కోపం వచ్చిందనుకుంది. "నీకు వినపడుతుందని తెరిచాను. అంతే బావా. నా మీద కోపంతో..."

"వేసెయ్ పిల్లా." ఈ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. జ్వరం వచ్చిన చంటిదాని గొంతులా ఉంది. "ఒక్కొక్క అరుపూ మేకు కొట్టినట్టు దిగుతోంది తలలో."

ఆమె చెయ్యి రెక్క మీదే ఆగింది. "ఎప్పటి నుంచి?"

బయట ఊరు అరుస్తూనే ఉంది.

"ఆదివారం నుంచి," అన్నాడు. "అక్కడ పడుకున్నప్పుడు... ఎటువైపు మనదో కూడా తెలియలేదు. అందరూ చప్పట్లు కొడుతున్నారని లేచాను."

ఆమె రెక్క మూసి గొళ్ళెం పెట్టింది. పరదా దగ్గరికి లాగింది. కేక ఇప్పుడు గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నంత చిన్నదైంది. ఆట ఎటు పోతోందో తెలుసుకోవాలని ఆమెకు అనిపించలేదు. మంచం మీద కూర్చుని ఒడి సర్దుకుంది.

"తల ఇటు పెట్టు," అంది.